పెద్దకర్మ లోపే సరిచూడాల్సిన కాగితాలు: సర్పంచులకు, సచివాలయ ఉద్యోగులకు, మహిళా సంఘాల లీడర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు, సచివాలయ ఉద్యోగులకు, ఆశా కార్యకర్తలకు, డ్వాక్రా సంఘాల లీడర్లకు నమస్కారం.

ఊళ్లో ఎవరైనా రోడ్డు ప్రమాదంలో పోతే ఆ ఇంటికి ముందుగా చేరేది మీరే. లాయరు, ఇన్సూరెన్సు కంపెనీ, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) జడ్జి అందరూ ఆ తర్వాత నెలలకు వస్తారు. కానీ ఆ కుటుంబానికి 30 లక్షలు వస్తాయా, 17 లక్షలు వస్తాయా, అసలేమీ రాకుండా పోతుందా అన్నది చాలావరకు మొదటి పదిహేను రోజుల్లో రాసే నాలుగైదు కాగితాల మీదే తేలిపోతుంది. ఆ రోజుల్లో ఇంటివాళ్లకు కాగితం చూసే స్థితి ఉండదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతారు, వేలిముద్ర వేస్తారు. పక్కన నిలబడి ఆ కాగితం చదవగలిగినవాళ్లు మీరు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే విషయంతో మొదలుపెడతాం. కేసు కట్టకముందే ఊళ్లో చేసే రాజీ. బండి యజమాని తెలిసిన పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తాడు. "పోయినవాడు ఎలాగూ రాడు, కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరుగుతారు" అంటాడు. లక్షో, రెండు లక్షలో చేతిలో పెట్టి, ఇకపై ఏ క్లెయిమూ లేదని స్టాంపు కాగితం మీద రాయించుకుంటాడు. చాలాసార్లు ఆ మాట నడిపించేది మీరే అని మాకు తెలుసు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఇంటికి నాలుగు రూకలు త్వరగా అందాలనే. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ బండికి ఇన్సూరెన్సు ఉంటే పరిహారం కట్టేది యజమాని కాదు, కంపెనీ. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే తన బండివల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, అతను కట్టేది దీనికోసమే. కేసు నడిస్తే సాధారణంగా యజమాని ఆస్తి ఏమీ పోదు, రాజీ చేస్తే మాత్రం ఇంటివాళ్ల 20, 30 లక్షలు పోతాయి. ఎఫ్‌ఐఆర్ లేకపోతే ఆ బండితో ప్రమాదమే జరగలేదని కంపెనీ వాదిస్తుంది. తర్వాత ఆలస్యంగా ఫిర్యాదు ఇస్తే, ఇది కల్పించిన కేసు అంటుంది. ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. అయినా ఆలస్యానికి కారణం చెప్పుకునే భారం కుటుంబం మీద పడుతుంది, "రాజీ మాటలు నడిచాయి" అన్న కారణం బోనులో నిలబడదు.

పైగా నిర్లక్ష్యపు డ్రైవింగుతో మరణానికి కారణమైన కేసు (భారతీయ న్యాయ సంహిత 106(1), 2024 జూలై 1కి ముందైతే ఐపీసీ 304ఏ) చట్టప్రకారం రాజీకి వీలున్న నేరం కాదు. దహనసంస్కారాల ఖర్చుకు యజమాని మనసు కరిగి ఏమైనా ఇస్తే ఇవ్వనివ్వండి, తీసుకోవడంలో తప్పు లేదు. ఆ డబ్బుకు బదులుగా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

ఇక ఫిర్యాదు. స్టేషన్‌లో ఇచ్చే ఆ అరఠావు కాగితమే తర్వాత అన్నిటికీ పునాది. చనిపోయిన మనిషి అన్నో, బావమరిదో వెళ్లి, చూడని ప్రమాదాన్ని చూసినట్టు రాయిస్తారు, లేదా రైటర్ ఏది రాస్తే దానికింద సంతకం చేస్తారు. "మోటారుసైకిల్ అదుపుతప్పి లారీ కింద పడి" అని ఒక్క ముక్క పడితే చాలు, తప్పు పోయినవాడిదే అయిపోతుంది. ఆ మాట లేకుండా, తెలిసింది తెలిసినట్టు రాయించండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ రోడ్డు మీద, ఏ వైపు నుంచి ఏ వైపు వెళ్తుండగా, ఏ నంబరు బండి ఎలా వచ్చి తగిలింది, చూసినవాళ్లు ఎవరు. ఫిర్యాదుదారు కళ్లారా చూడకపోతే, ఫలానావాళ్లు చూసి చెప్పారని వాళ్ల పేర్లతో సహా రాయాలి. ప్రత్యక్ష సాక్షి పేరు ఫిర్యాదులోనో పోలీసు వాంగ్మూలంలోనో ఉండి ఛార్జిషీటు సాక్షుల జాబితాకు ఎక్కితేనే ట్రిబ్యునల్‌లో అతని మాటకు బరువు. రెండేళ్ల తర్వాత కొత్తగా తెచ్చిన సాక్షిని కంపెనీ లాయరు ఐదు నిమిషాల్లో కూలదోస్తాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అందులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 ఒక్కటే కనిపిస్తే, కేవలం అసహజ మరణంగా నమోదు చేశారని అర్థం. వేరే బండి తప్పు ఉందని తెలిసి కూడా అలా రాసి ఉంటే వెంటనే ఎస్సైకి, ఆపైన డీఎస్పీకి రాతపూర్వకంగా అడగాలి. నెలల తర్వాత అడిగితే అప్పటికి ఛార్జిషీటు వెళ్లిపోయి ఉంటుంది.

ఆ రోజే చేయాల్సిన చిన్న పనులు రెండు. ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొడితే బీమా ఏ కంపెనీది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి కనబడతాయి. ఆ తెర ఫొటో తీసి పెట్టండి. దారిలో పెట్రోలు బంకు, టోల్‌గేటు, షాపు కెమెరాలు ఉంటే వాటి ఫుటేజీ భద్రపరచమని ఎస్సైకి ఒక అర్జీ ఇచ్చి, దానిమీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. చాలా కెమెరాల్లో పాతది కొద్ది రోజులకే చెరిగిపోతుంది.

శవ పంచనామా దగ్గర మీ పాత్ర ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే పంచులుగా, అంటే పంచనామా సాక్షులుగా, సంతకం పెట్టేది సాధారణంగా మీరే. పెట్టేముందు మూడు చోట్ల చదవండి: వయసు, వృత్తి, మరణానికి కారణం గురించి పంచుల అభిప్రాయం. వయసు దగ్గర కానిస్టేబుల్ చూపుతో అంచనా వేసి "సుమారు 45" అని రాసేస్తాడు. అదే అంకె పోస్టుమార్టం రిపోర్టులోకి, అక్కడినుంచి ఛార్జిషీటులోకి పాకుతుంది. వృత్తి దగ్గర "కూలీ" అన్న రెండక్షరాలు పడతాయి, మనిషి తాపీమేస్త్రీ అయినా, ఎలక్ట్రీషియన్ అయినా, పాడి గేదెలున్న రైతు అయినా. ఆడమనిషైతే "గృహిణి" అని రాసి ఊరుకుంటారు, ఆమె పొద్దున కూలికి, సాయంత్రం కుట్టుమిషన్ మీద పని చేసినా. ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించండి. నిజంగానే ఇంటిపని మాత్రమే చేసిన ఇల్లాలైనా ఆమె పనికి విలువ కట్టి ఆదాయంగా లెక్కించాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, "ఆమెకు సంపాదన లేదుగా, క్లెయిమేముంది" అని ఎవరన్నా నమ్మవద్దు.

పోస్టుమార్టం వద్దనే కుటుంబాలు ఉంటాయి. శరీరాన్ని కోయడం చూడలేక వద్దంటారు, ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ రిపోర్టు లేకుండా మరణాన్ని ప్రమాదంతో ముడిపెట్టడం చాలా కష్టం. ఇంకా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. తల దెబ్బతో నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాక, డబ్బులైపోయి, డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటారు. వారానికి మనిషి పోతాడు, స్టేషన్‌కు చెప్పకుండా దహనం చేసేస్తారు. అప్పుడు కంపెనీ, "గాయాలతో పోలేదు, వేరే జబ్బుతో పోయాడు" అంటుంది. అలాంటి ఇంట్లో మరణం జరిగిన పూటే స్టేషన్‌కు కబురు పెట్టి, పోస్టుమార్టం చేయించండి. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, స్కానులు ఒక కవరులో వేయండి. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి క్యాజువాలిటీ రిజిస్టరులో ఏం రాశారో కూడా కనుక్కోండి. హడావుడిలో ఎవరో "బండి మీదనుంచి పడ్డాడు" అంటే అదే రాస్తారు, కంపెనీ మొదట వెతికేది ఆ వాక్యాన్నే.

వయసు, వృత్తి గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ లెక్కకు సూత్రం ఉంది. 2009లో సరళా వర్మ కేసులో, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, దేశంలోని ట్రిబ్యునళ్లన్నీ దాన్నే వాడతాయి. నెలకు 15,000 సంపాదించే 38 ఏళ్ల తాపీమేస్త్రీ అనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు. ఏడాది ఆదాయం 1,80,000. బతికుంటే సంపాదన పెరిగేది కదా, దానికి స్వయం ఉపాధివాళ్లకు 40 ఏళ్ల లోపైతే 40 శాతం కలుపుతారు, 2,52,000 అవుతుంది. అతని సొంత ఖర్చు తీసేస్తారు. ఆధారపడినవాళ్లు ఇద్దరో ముగ్గురో అయితే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, ఆపైన ఐదో వంతు. ఇక్కడ నలుగురు కాబట్టి 63,000 పోగా 1,89,000 మిగులుతుంది. దాన్ని వయసును బట్టి వచ్చే గుణకంతో హెచ్చిస్తారు. 36 నుంచి 40 ఏళ్లకు అది 15. అంటే 28,35,000. దీనికి భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి సాహచర్యం కోల్పోయినందుకు తలా 48,400, అంత్యక్రియలకు 18,150, ఎస్టేటు (పోయినవాడి ఆస్తి) నష్టానికి మరో 18,150 కలిపితే మొత్తం 30,64,900. (2017లో ఇవి 40,000, 15,000, 15,000. మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు కాబట్టి రెండు పెంపుల తర్వాత ఈ అంకెలు.)

ఇప్పుడు అదే మనిషికి పంచనామాలో పడ్డ "సుమారు 45" నిలబడితే? పెంపు 40 నుంచి 25 శాతానికి పడుతుంది, గుణకం 14 అవుతుంది. 28,35,000 కాస్తా 23,62,500. ఒక్క అంకెకు 4,72,500 పోయింది. అత్తాకోడళ్ల మధ్య మాటల్లేక తల్లి పేరు అర్జీలో వదిలేశారనుకోండి. ఆధారపడినవాళ్లు ముగ్గురే కాబట్టి సొంత ఖర్చు మూడో వంతు అవుతుంది, 25,20,000 దగ్గర ఆగుతుంది, తల్లికి రావాల్సిన 48,400 కూడా ఉండదు. "కూలీ, ఆదాయానికి రుజువు లేదు" అని ట్రిబ్యునల్ నెలకు 9,000గా ఊహించుకుంటే 17,01,000. మేస్త్రీ పని రుజువు చేయలేకపోయినందుకు ఒక్క కుటుంబం మీద పడ్డ దెబ్బ 11,34,000.

అందుకే వయసుకు పదో తరగతి మెమోగానీ, బడి టీసీగానీ వెతికి తీయండి. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌లోని తేదీకే విలువ ఎక్కువని 2024లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులోనే చెప్పింది. మన ఊళ్లలో సగం ఆధార్ కార్డుల్లో జనవరి 1 అని ఉండటం మీరు చూస్తూనే ఉన్నారు. పెళ్లికాని కొడుకు పోతే గుణకం అతని వయసును బట్టే తీసుకోవాలి, తల్లి వయసును బట్టి కాదు. కంపెనీ లాయర్లు ఇప్పటికీ తల్లి వయసు ఎత్తుతుంటారు.

ఆదాయానికి జీతపు చీటీ లేని ఇళ్లలో ఏం దొరుకుతుంది? చాలానే దొరుకుతుంది, ఇంట్లోవాళ్లకు అది రుజువని తెలియదు, అంతే. పాల కేంద్రం పాసుపుస్తకం, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, భవన నిర్మాణ కార్మికుల గుర్తింపు కార్డు, కాంట్రాక్టరు ఫోన్‌పేలో వేసిన కూలి డబ్బుల స్టేట్‌మెంట్, బ్యాంకు పుస్తకం, ట్రాక్టరు ఈఎంఐ రసీదులు, డ్వాక్రా రుణం తీసుకున్నప్పుడు కుటుంబ ఆదాయం రాసిన దరఖాస్తు. కాంట్రాక్టరుగానీ యజమానిగానీ జీతం సర్టిఫికెట్ ఇస్తే, ఇచ్చినవాడు ట్రిబ్యునల్‌కు వచ్చి "నేనే ఇచ్చాను" అని సాక్ష్యం చెప్పాలి. రాని మనిషి కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. ఏ రుజువూ లేకపోతే కనీస వేతనాల నోటిఫికేషన్‌ను ఆధారం చేసుకోవచ్చు, అందులోనూ మేస్త్రీకి నైపుణ్యం ఉన్న కార్మికుడి రేటు అడగాలి. పంచనామాలో "మేస్త్రీ" అని ఉంటేనే అది అడగడం తేలిక, చూశారుగా, మళ్లీ అక్కడికే వచ్చాం.

పోలీసుల వైపు నుంచి జరగాల్సిన పని 2022 ఏప్రిల్ 1 నుంచి నిబంధనల్లో తేదీలతో సహా ఉంది. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు, కంపెనీకి వెళ్లాలి. 10 రోజుల్లో బాధిత కుటుంబానికి వాళ్ల హక్కులు రాసిన ఫారం 2 ఇవ్వాలి. 30 రోజుల్లో డ్రైవరు, యజమాని వివరాల ఫారాలు, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 60 రోజుల్లో కుటుంబం నింపే ఫారం 6, 90 రోజుల్లో పూర్తి ప్రమాద నివేదిక, అంటే డీఏఆర్. ఆ డీఏఆర్‌నే క్లెయిము అర్జీగా తీసుకోమని మోటారు వాహనాల చట్టంలోని 166(4) చెప్తోంది. అది అందిన 30 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు వీటిని పాటించమని అన్ని రాష్ట్రాల పోలీసులకూ ఆదేశమిచ్చింది. ఇవి సరిగ్గా నడిస్తే కుటుంబం ఏజెంటు గడప తొక్కాల్సిన పనే లేదు. కాబట్టి పదకొండో రోజున మీరు ఎస్సైని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఫారం 2 ఇచ్చారా?" ఈ మాట అడిగే సర్పంచు ఉన్న ఊరి ఫైలు కదులుతుంది. అయినా డీఏఆర్ మీదే పూర్తిగా ఆధారపడి కూర్చోవద్దు. ఫారం 6లో ఆదాయం గడి ఖాళీగా పోతే కంపెనీ ఆ ఖాళీ మీదే తక్కువ లెక్క కడుతుంది.

గడువు సంగతి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో అర్జీ వేయాలని 166(3) చెప్తోంది. మరణించిన తేదీ నుంచి కాదు, ప్రమాదం తేదీ నుంచి. నాలుగు నెలలు కోమాలో ఉండి పోయిన మనిషి ఇంటికి మిగిలేది రెండు నెలలే. ఈ గడువు చెల్లదంటూ వేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టులో ఉన్నాయి, అవి తేలేవరకు ఆలస్యం కారణంగా అర్జీలను తోసిపుచ్చవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. గడువు దాటిపోయిన ఇళ్లకు అది ఊరట. గడువు ఉన్న ఇళ్లు మాత్రం ఆ ఉత్తర్వును నమ్ముకుని ఆగకూడదు.

అర్జీని ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. నెల్లూరు దగ్గర హైవే మీద పోయిన మనిషి భార్య కరీంనగర్‌లో ఉంటే కరీంనగర్ ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. వారసులందరూ ఒకే అర్జీలో ఉండాలి. కలిసిరానివాళ్లను ప్రతివాదులుగా చేర్చాలి, వదిలేయకూడదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ధ్రువపత్రం పని రుసుము లేకుండా తేలిగ్గా అయిపోతుంది, అది మీ చేతిలో పనే. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పేర్లు ఆధార్‌తో, బ్యాంకు పుస్తకంతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చివర్లో డబ్బు విడుదలయ్యేటప్పుడు ఇంటిపేరు తేడా వచ్చి నెలలు ఆగిపోయే ఫైళ్లు ఎక్కువ.

అన్ని మరణాలకూ దారి ఒకటి కాదు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే 2022 హిట్ అండ్ రన్ పరిహార పథకం కింద 2 లక్షలు వస్తాయి. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీఓ లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి, మంజూరు చేసేది కలెక్టరు. నెలలోగా బండి ఆచూకీ దొరక్కపోతే ఈ పథకం ఉందని పోలీసులే కుటుంబానికి రాసి చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత బండి దొరికి పూర్తి పరిహారం వస్తే ఈ 2 లక్షలు తిరిగి సర్దాలి. సొంత బండి మీద వెళ్తూ, వేరే ఎవరి తప్పూ లేకుండా డివైడరును గుద్దుకుని పోతే 166 కింద క్లెయిము నిలవదు. కానీ బండి పాలసీలో యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే, అది నామినీకి వస్తుంది. "సెల్ఫ్ యాక్సిడెంటు, ఏమీ రాదు" అనుకుని ఆ పాలసీ కాగితం బీరువాలోనే వదిలేసిన ఇళ్లు ఎన్నో. బండిమీద ముగ్గురు ఎక్కారని మాత్రమే పరిహారం కోయకూడదు, ప్రమాదానికి అది కారణమైందని కంపెనీ చూపాలి. ఇదీ సుప్రీంకోర్టు మాటే.

మన పల్లెల్లో అన్నిటికన్నా చిక్కు ట్రాక్టరు ట్రాలీది, డీసీఎంది. మిర్చి కోతకు ముప్పైమంది కూలీలను ట్రాలీలో ఎక్కిస్తారు, పెళ్లికి డీసీఎంలో తీసుకెళ్తారు. సరుకు బండిలో ఊరికే ప్రయాణించేవాళ్లకు పాలసీ వర్తించదని కంపెనీ వాదిస్తుంది, ఎక్కువసార్లు ఆ వాదనే గెలుస్తుంది. సరుకు యజమానిగా దానితోపాటు వెళ్తున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు రక్షణ ఉంది. బండి యజమాని పనిలో ఉన్న డ్రైవరు, క్లీనరు, కూలీ చనిపోతే ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కింద) కార్మిక శాఖ అధికారి దగ్గరకు కూడా వెళ్లొచ్చు. అక్కడ ఎవరి నిర్లక్ష్యమో రుజువు చేయక్కర్లేదు. కానీ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి, ఎంచుకునేముందు రెండు చోట్లా ఎంత వస్తుందో లెక్క వేయించాలి. ఆర్టీసీ సొంత బస్సైతే సంస్థే ప్రతివాది, అద్దె బస్సైతే దాని యజమానినీ ఇన్సూరెన్సు కంపెనీనీ కూడా చేర్చాలి. డ్రైవరుకు లైసెన్సు లేదని తేలినా భయపడనక్కర్లేదు, చాలా సందర్భాల్లో ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని ట్రిబ్యునల్ చెప్తుంది. నిజంగా భయపడాల్సింది బండికి బీమాయే లేనప్పుడు. అప్పుడు ఆ బండిని పూచీకత్తు లేకుండా వదలవద్దని కుటుంబం తరఫున మేజిస్ట్రేటు కోర్టులో వెంటనే అర్జీ పడాలి. బండి చేజారితే తర్వాత యజమాని పేరున ఏమీ దొరకదు.

ఇలాంటప్పుడే ఒక సలహా వినబడుతుంది: బీమా లేని బండి బదులు బీమా ఉన్న మరో బండి నంబరు రాయిద్దామని, లైసెన్సు లేని కుర్రాడి బదులు వాళ్ల నాన్న నడిపాడని చెబుదామని. దానికి పంచులుగా, సాక్షులుగా మీరెవరూ నిలబడకండి. కంపెనీల దర్యాప్తు మనుషులు టోల్‌గేటు రికార్డు, ఫోను లొకేషన్ తీసి పట్టుకుంటారు, క్లెయిము కొట్టుకుపోవడమే కాదు, భర్తను పోగొట్టుకున్న మనిషి మీద మోసం కేసు పడుతుంది.

ఏజెంట్ల గురించి ఒక మాట. మార్చురీ దగ్గరే పరిచయమవుతారు, పెద్దకర్మ లోపు ఇంటికొస్తారు. "మీరు రూపాయి పెట్టక్కర్లేదు, వచ్చినదాంట్లో 30 శాతం" అంటారు. ఖాళీ వకాలత్‌నామా (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు. వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే నిషిద్ధం. కష్టపడి కేసు నడిపే మంచి లాయర్లు ప్రతి జిల్లా కోర్టులో ఉన్నారు, వాళ్లకు న్యాయమైన ఫీజు ఇవ్వాల్సిందే. ఖాళీ చెక్కు అడిగినవాడు మాత్రం ఆ కోవలోవాడు కాడు. డబ్బు లేనివాళ్లకు మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా లాయరును ఇస్తాయి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితితో పనిలేకుండా ఈ హక్కు ఉంది. భర్త పోయిన భార్యే అర్జీదారైనప్పుడు ఆమెకు ఇది వర్తిస్తుందని ఆమెకు చెప్పేవాళ్లే లేరు. ఫోను నంబరు 15100.

లోక్ అదాలత్‌లో త్వరగా తేలుతుంది, అది మంచిదే. అయితే అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. కాబట్టి పైన చెప్పిన లెక్క ఒక కాగితం మీద వేసుకుని వెళ్లాలి. 30 లక్షల లెక్క ఉన్నచోట కంపెనీ 24 ఇస్తానంటే ఏళ్లు మిగులుతాయి కదా అని ఆలోచించవచ్చు. 12కు తల ఊపితే మాత్రం అది తెలియక పెట్టిన సంతకమే. డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేసినా క్లెయిము పోదని కూడా ఇంటివాళ్లకు చెప్పండి. ట్రిబ్యునల్‌లో నేరం రుజువైనంత గట్టి రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభవమో చూస్తారు.

తీర్పు వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి, అర్జీ వేసిన నాటి నుంచి వడ్డీ వస్తుంది, మామూలుగా 6 నుంచి 9 శాతం మధ్య. తక్కువ ఇచ్చారనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. మైనరు పిల్లల వాటాను వాళ్లకు 18 నిండేవరకు బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. చదువుకో, వైద్యానికో మధ్యలో కావాలంటే ట్రిబ్యునల్‌ను అడిగి తీసుకోవచ్చు, ఆ డిపాజిట్ చూపి అప్పు ఇస్తామనేవాళ్లను దగ్గరకు రానివ్వకండి. డబ్బు నేరుగా హక్కుదారు ఖాతాకే వేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. భార్య పేరున ఒంటరి ఖాతా లేకపోతే ఇప్పుడే తెరిపించండి. మరిదితో కలిసి ఉన్న జాయింటు ఖాతా నంబరు ఇవ్వనివ్వకండి. రైతుబీమా, ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షలు, ఎల్‌ఐసీ ఇవేవీ ఈ పరిహారంలోంచి తగ్గించేవి కావు, వాటికి విడిగా దరఖాస్తు చేయాలి. సురక్షా బీమాకు 30 రోజుల్లోపే బ్యాంకుకు తెలపాలి.

మీ దగ్గర కోరేది ఇదీ. పంచాయతీ కార్యాలయంలో ఒక ఫైలు కవరు ఉంచండి. ప్రమాదం జరిగిన ఇంటి పేరు దానిమీద రాసి, ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, బండి ఆర్సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు, బడి సర్టిఫికెట్, ఆదాయపు కాగితాలు ఒక్కొక్కటీ దొరికినప్పుడల్లా జిరాక్సు అందులో వేయండి, అసలువి ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి. గోడమీది క్యాలెండరులో ప్రమాదం తేదీకి 10వ రోజున "ఫారం 2", 60వ రోజున "ఫారం 6", 90వ రోజున "డీఏఆర్" అని రాయండి. ఐదో నెల నిండే రోజు చుట్టూ ఎర్రసిరాతో గుండ్రం చుట్టండి. ఆ రోజుకు అర్జీ నంబరు ఆ కవరు మీద పడి ఉండాలి.

ఇట్లు,
మోటారు ప్రమాదాల క్లెయిముల పని తెలిసిన కొందరం